కప్పమూతి జీపు

ఆ ఉదయం మబ్బులు కొబ్బరిచెట్ల మీదికి దిగివచ్చి, చినుకు రాల్చకుండా ఊరిస్తున్నాయి. కడియం నర్సరీ రైతు భీమరాజు కూడా అలాగే ఊరిస్తున్నాడు, తన కప్పమూతి జీపు చరిత్ర చెబుతూ.

"జనం ఎగబడిపోయారండి. బళ్ళు చేసివ్వలేక చేతులెత్తేసి, కంపెనీ ఈ మోడలే ఆపేసింది."

పాత బళ్ళు సేకరిస్తూ దాన్ని కొనడానికి వచ్చిన యుగంధర్ బానెట్ తట్టి నవ్వాడు. "కాదండి. దీని మూతి చూసి ఎవరూ కొనలేదు. అందుకే ఆపేశారు."

ఇరవయ్యేళ్ళుగా మొక్కలకొచ్చిన ప్రతి లారీ డ్రైవరుకీ చెప్పిన కథ అది. భీమరాజు గుమ్మంలో ఉన్న భార్య వంక దొంగచూపు చూశాడు.

"నాకు తెలుసండి" అంది లోవమ్మ. "షోరూం కుర్రాడు బండి కొన్న రోజే చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరప్పటికే దండేసి, నిమ్మకాయలు తొక్కించేశారు. మొహం వెలిగిపోతోంది. ఎలా చెప్పనూ?"

భీమరాజుకి నవ్వొచ్చింది. "అయితే జిల్లా మొత్తానికి వెర్రివాణ్ణి నేనొక్కణ్ణేనన్నమాట! తీసుకెళ్ళిపోండి బాబూ."

"అమ్మం" అంది లోవమ్మ. "మూతి చూసుకుంటే మిమ్మల్ని చేసుకునేదాన్నా? రండి, పెసరట్లు చల్లారిపోతున్నాయి."

ముగ్గురూ కూర్చుని తిన్నారు. ఆ ఇంటికొచ్చిన చుట్టం తింటూ జీపు కథ వినకపోవడం అదే మొదటిసారి.