మొదటి వరస

ఊలు ఎక్కించిన సూదులు అందించబోతున్న ప్రేమ చేతిని జనని మెల్లగా ఆపింది.

"నేనే ఎక్కించుకుంటా అత్తా. నాకు వచ్చు."

ఊలు అల్లిక నేర్చుకోవడానికి ఇందిరా నగర్ నుంచి వచ్చిన కొత్త అమ్మాయి ఆమె. ముదలియార్‌పేటలో ప్రేమ ఇంటి ముందుగదిలో నడిచే క్లాసుకు అది ఆమె మొదటి రోజు. 'వచ్చు' అన్న మాటకు ప్రేమ లోలోపల నవ్వుకుంది. అందరూ అలాగే అంటారు. అంచు బిగుసుకుపోయాక మొహం వేలాడేస్తారు.

జనని బొటనవేలికి ఊలు రెండు చుట్లు చుట్టింది. సూది లోపలికి దూర్చి, సగం వెనక్కి తిప్పి లాగింది. మళ్ళీ రెండు చుట్లు. మళ్ళీ సగం వెనక్కి.

ప్రేమ నవ్వు ఎగిరిపోయింది.

అది తన ఎక్కింపు, సూది మీద మొదటి వరస వేసే తీరు. కూతురు విద్య నెలల పిల్లగా ఉన్నప్పుడు టోపీ అంచు నుదుటి మీద ఎర్రగా గీత పడేస్తుంటే చూడలేక, అల్లి విప్పి, విప్పి అల్లి తను కనిపెట్టిన పద్ధతి. ఆ అంచు ఎంత లాగినా సాగుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరికొస్తుంది. ఎంత ఉక్కపోసినా పసిబిడ్డను టోపీ లేకుండా గడప దాటించని ఊరు పుదుచ్చేరి. ప్రేమ అల్లిన టోపీ పెడితే బిడ్డ ఏడవదని పేరు.

అందుకే దాన్ని గుట్టుగా దాచుకుంది. అల్లిక ఎవరికైనా నేర్పుతుంది గానీ, మొదటి వరస మాత్రం తనే ఎక్కించి ఇస్తుంది. ముందురోజు సాయంత్రమే వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని సూదులన్నీ సిద్ధం చేసి పెట్టుకుంటుంది. క్లాసులో ఎవరిదైనా జారిపోతే, కుర్చీ గోడవైపు తిప్పుకుని మరీ ఎక్కిస్తుంది. ఆ వీపు చూసి ఆడవాళ్ళు ఎంత ఎగతాళి చేసుకున్నా ఆమె మాత్రం ఇటు తిరగలేదు.

కూతురికి నేర్పాలని ఎంతో ఆశపడింది. విద్య సూది ముట్టుకుంటే ఒట్టు. చివరికి, చిన్నప్పటి నుంచి తన వెంటే తిరిగిన పక్కింటి కయల్విళికి నేర్పింది. నీ కడుపున పుట్టిన బిడ్డకు తప్ప ఎవరికీ చూపకూడదని చేతిలో చెయ్యి వేయించుకుంది.

"ఇది యాడ నేర్చుకున్నావు?" అని అడిగింది జననిని.

"ఫోన్‌లో అత్తా. వీడియో ఉండాది. మా వీధిలో అందరమూ దాన్ని చూసే నేర్చుకుంటా ఉండాం. చూపించేదా?"

"వద్దు."

ప్రేమ ఫోను వైపు చూడనే లేదు. చూడటానికేముంది? ఆ ఎక్కింపు తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు తను.

క్లాసు ముగియగానే కయల్విళిని పిలిపించింది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన విద్య, చేతిసంచి కూడా దించకుండా వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమే కయలూ, చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట ఏమాయె? ఆ ఎక్కింపు ఫోన్‌లోకి యెట్ల పోయె?"

కయల్విళి తల దించుకుంది.

"అంటే నీకు తెలుసు."

"తెలుసు అత్తా. పోయిన వారం చూసినా."

"చూసినావా, చేసినావా?"

కయల్విళి తలెత్తి గుమ్మం వైపు ఒకసారి చూసింది. మళ్ళీ దించుకుంది. "మీరు చూసినారా అత్తా దాన్ని?"

"నేనేంది చూసేది? నీకు గాక ఎవురికి నేర్పినా? నువ్వు గాదంటే ఎవురో చెప్పు."

కయల్విళి చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నేనే అనుకోండి అత్తా," అంది చివరికి.

ఆ తర్వాత ప్రేమ నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. కన్నబిడ్డ కంటే ఎక్కువ అనుకున్నానంది. అదే నా తప్పంది. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దంది. కయల్విళి కళ్ళు తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ప్రేమ కుర్చీలో కూలబడింది. విద్య కాఫీ కలిపి తెచ్చింది.

"వదిలెయ్‌మా. ఒక ఎక్కింపు కోసరం ఇంత ఏడుపా. పెద్దది చేసుకోవద్దు."

ఈ మధ్యనే కూతురు మెత్తబడింది. సాయంత్రం పూట, ఫోను చూసుకుంటూనే అయినా, వచ్చి తల్లికి ఎదురుగా కూర్చుంటోంది. ఆ కాస్త సుఖం చాలనుకుంది ప్రేమ. విద్య చెయ్యి పట్టుకుని, "నాకింక నువ్వేనే దిక్కు," అని ఏడ్చింది.

మరుసటి క్లాసుకు జనని సగం అల్లిన టోపీతో దిగాలుగా వచ్చింది.

"కొన దగ్గర జారిపోతా ఉండాది అత్తా. ఎక్కింపులో ఆ కడపటి తిప్పుడు నాకు పట్టుబడలా. ఇదో, ఇక్కడ చూడండి."

ఫోను ముందుకు చాపింది. ప్రేమ మొహం తిప్పుకుంది. మళ్ళీ అనిపించింది, ఆ ద్రోహమేదో కళ్ళారా ఒకసారి చూస్తే పోలేదా అని. కయల్విళి వేళ్ళు తను ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఒక్కొక్క వేలూ పట్టుకుని నేర్పింది మరి.

కళ్ళజోడు తుడుచుకుని ఫోను అందుకుంది.

మొహం లేదు, మాటలు లేవు. ఏదో సన్నటి సంగీతం, ఊలు ఎక్కిస్తున్న రెండు చేతులు.

ఆ చేతులు కయల్విళివి కావు. వంటింటి గుమ్మం దగ్గర సూదులు సిద్ధం చేసుకుంటున్న ప్రేమ సొంత చేతులు, సాయంత్రాలు విద్య వచ్చి ఎదురుగా కూర్చునే చోటు నుంచి తీసినవి.