హేమవల్లి ఆఖరి పాట

"ఎవరమ్మా అది? జర ఊకుంటరా?"

సోమశేఖర్ కుర్చీలోంచి వెనక్కి తిరిగి కసిరాడు.

హాల్లో ఆడవాళ్ళ తరగతికీ మగవాళ్ళ తరగతికీ మధ్య నల్ల పరదా వేలాడుతోంది. దాని అవతల ఎవరో ఆడమనిషి, సినిమా పాటతో పాటు సన్నగా గొంతు కలుపుతోంది.

"మేం పాట వినాల్నా, మీ కూనిరాగం వినాల్నా?"

పరదా వెనక గొంతు టక్కున ఆగిపోయింది.

కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1957 అది. 'రాణి హేమవల్లి' నాటకాన్ని సినిమాగా తీశారంటే, పాతబస్తీలో ఆ నాటకం తెలిసినవాళ్ళంతా ఎగబడి వచ్చారు. మాదన్నపేట డేరాలో అది ఆడిన రోజుల్లో సోమశేఖర్ ఒక్క ఆటా వదల్లేదు.

రామానుజం అనే నటుడు రాణి వేషం కట్టేవాడు. ఆఖరి రంగంలో రాణి చనిపోతుంది. రాజు ఒడిలో శవం. అప్పుడు వినిపించేది ఆ పాట. చనిపోయిన రాణి రాజును ఓదార్చే పాట.

రామానుజం పెదవి మెదిపేవాడు కాదు. రెప్ప కదిలేది కాదు. గొంతు మాత్రం డేరా అంతా నిండేది.

"గుండెతోని పాడుతడు" అనుకునేవారు జనం.

ఆ పాట సోమశేఖర్‌ను పట్టుకుని మరి వదల్లేదు. కార్వాన్‌లో తన బట్టల కొట్లో థాన్లు మడత పెడుతున్నా, వెనక ఎవరో నిలబడి పాడుతున్నట్టే ఉండేది. తల్లిని కాటికి సాగనంపి ఇంటికొచ్చి కూర్చున్ననాడు అతనికి ఏడుపు రాలేదు. ఆ పాట వచ్చింది.

రామానుజం పోయాడు. డేరా కూడా లేచిపోయింది. ఆ గొంతు సినిమాలోనైనా దొరుకుతుందేమోనని వచ్చాడు సోమశేఖర్.

దొరకలేదు.

ఆట వదిలాక బయట ఒకటే లొల్లి.

"పాటను ఖూనీ చేసిండ్రు" అన్నాడు కిరాణా కొట్టు గుండయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "రాణి సస్తుంటే ఎనకంగ గన్ని ఫిడేళ్ళెందుకు?"

"మా రామానుజం గొంతు ఏది?"

"భాయ్, సినిమా నేను తీసిన్నా? నా మీద ఎందుకు గరం అయితరు?" మేనేజరు చేతులు జోడించాడు.

"నాకైతే మస్తు నచ్చింది" అన్నాడొక కాలేజీ కుర్రాడు. అందరూ ఒక్కసారి వాడి వైపు చూశారు. వాడు మెల్లగా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

రిక్షాలో భార్య విమలాదేవి అడిగింది.

"పరదా కాడ కసిరింది మీరేనా?"

"ఆఁ. పాటంతా ఖరాబు చేస్తుండె."

"నా పక్కనే కూసున్నది. ముసలామె, తెల్లచీర. మీరు కసరంగనే కొంగు నోట్ల కుక్కుకున్నది. సినిమా అయ్యేదాక తియ్యలే."

సోమశేఖర్ రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

"ఆమె పాడుతుంటే నాకు ఒళ్ళు జల్లుమన్నది. సినిమా పాట ఇనబుద్ధి కాలే."

"నాటకం చూడనిదానివి. నీకేం తెలుస్తది?"

ఆ ఇంటి ఆడవాళ్ళను డేరాకు ఎవరు తీసుకెళ్ళారు గనుక?

ఇల్లు చేరేదాకా సోమశేఖర్ చెవుల్లో పాటే. సినిమాది కాదు, డేరాలోది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అంత దగ్గరగా వినపడలేదు.

సినిమావాళ్ళు మరిచినా మనం మరవకూడదని అభిమానులంతా కలిసి రామానుజం సంస్మరణ సభ పెట్టాలనుకున్నారు. ఫొటో కావాలి. యాకుత్‌పురా స్టేషన్ వెనక ఆయన ఇల్లుందని తెలిసి సోమశేఖర్ బయలుదేరాడు. ఇంట్లో ఆడవాళ్ళుంటారు కదా అని విమలాదేవిని వెంటబెట్టుకున్నాడు.

తలుపులు తీసే ఉన్నాయి. గదిలో ఒక మూల ప్రమిద వెలుగుతోంది. అరుగు మీద ఒక్కడే ముసలాయన. సోమశేఖర్ పోల్చుకున్నాడు. నాటకంలో హార్మోనియం వాయించిన ప్రకాశం.

"రామానుజం గారి ఫొటో కోసం వచ్చినమండి. సభ పెడుతున్నం."

"తీస్కపో బిడ్డా. అడిగేటోళ్ళు గూడ లేరిగ. ఆయన చెల్లె రంగనాయకి మొన్న ఏకాదశినాడు పోయింది."

"అయ్యో. ఏం జబ్బు?"

"జరమొచ్చింది. దాని ముందే సినిమాకు తోల్కపోయిన. ఇంటికొచ్చి, 'ప్రకాశం, కొత్త పిల్ల మంచిగ పాడింది. పాడినామె పేరు గూడ ఏసిండ్రు' అని మురిసింది. నువ్వొక్కసారి పాడమ్మా అని హార్మోనియం పెట్టె ముంగటేసుకున్న. వద్దన్నది."

"ఎందుకు?"

"తెలవకుండనే హాల్ల జర గొంతెత్తిందట. పరదా అవతల ఎవరో పెద్దమనిషి ఊకొమ్మన్నడట. 'ఆయన అన్నది నిజమే, ఈ గొంతు ఇగ ఎవరికి గావాలె' అన్నది. మళ్ళ పాడలే."

విమలాదేవి భర్త ముఖం చూడలేదు. దీపం వైపు చూస్తూ నిలబడిపోయింది.

సోమశేఖర్ ప్రకాశం పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అన్న పాటలు... ఆమె గూడ నేర్చుకున్నదా?"

ప్రకాశం అతని వైపు జాలిగా చూశాడు.

"గుడిల అర్చకత్వం చేసే ఇల్లు బిడ్డా. చిన్నప్పుడే బొట్టు పోయిన పిల్ల. బయట తెలిస్తే ఆమెను బతకనియ్యరని రామానుజం మా అందరితోని ఒట్టేయించుకున్నడు. ఇప్పుడు ఇద్దరూ లేరు, అందుకే చెప్తున్న."

ఆయన లోపల్నుంచి ఫొటో తెచ్చి సోమశేఖర్ చేతికిచ్చాడు.

"రాణి సచ్చినంక వచ్చే ఆ పాట మీ రామానుజం ఒక్కనాడు గూడ పాడలే, తెర ఎనక చీకట్ల నిలవడి పాడింది మా రంగనాయకమ్మనే."