సుద్ద గీత

హోటలు గడప ముందు గురుస్వామి కాళ్లు ఆగిపోయాయి.

ఒళ్లు ముందుకు వంగింది. చేతులు గాల్లో ఆడాయి. పాదాలు మాత్రం నేలకు అతుక్కున్నట్టే ఉన్నాయి.

"పొద్దున్నే ఏసుకొచ్చినాడప్పా," వెనక ఎవరో నవ్వారు.

గురుస్వామి ఏనాడూ మందు ముట్టలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య ప్రైవేటు బస్సులో ఇరవై ఆరేళ్లు కండక్టరుగా చేశాడు. కుదుపుల్లో కూడా కమ్మీ పట్టుకోకుండా టికెట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు భార్య లేదు, పిల్లలు మొదటినుంచీ లేరు. ఆళ్లగడ్డలో ఒక గది, రెండు పూటలా ఈ మదార్ హోటలు. అంతే.

పక్క టైలరు అంగట్లోంచి ఒకమ్మాయి దిగి వచ్చింది. మెడలో టేపు. ఇరవై రెండేళ్లుంటాయేమో. గుడ్డ మీద గీసే సుద్దతో అతని పాదాల ముందు అడ్డంగా గీత గీసింది.

"కాళ్ల సంగతి మర్సిపో తాతా. ఈ గీత దాటు."

కాలు లేచింది. దాటాడు.

ఇంకో గీత గీసింది. అదీ దాటి గడప లోపలికి పోయాడు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లుంది?"

"ముసలితనం పాపా. కాళ్లల్లో సత్తువ లేదు."

"ముసలితనం కాదు. నడిచేటప్పుడు నీ ఎడమ చెయ్యి ఊగదు. నువ్వు నవ్వినా మొగంలో కనపడదు. నంద్యాల పోయి నరాల డాక్టరుకు చూపిచ్చుకో."

గురుస్వామికి ఒళ్లు మండింది.

"లేని రోగం అంటగడతాండావా? పోయి నీ పని చూసుకో, పో."

ఆమె సుద్దముక్క తీసుకొని అంగట్లోకి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున అతను వచ్చేసరికి, వీధి మలుపు నుంచి హోటలు దాకా సిమెంటు రోడ్డు మీద అడుగుకొక గీత ఉంది. అమ్మాయి మిషను తొక్కుకుంటోంది. తల ఎత్తలేదు.

రోజూ బండ్లు తిరిగి గీతలు చెరిగిపోయేవి. రోజూ పొద్దున మళ్లీ ఉండేవి.

నెల తర్వాత గురుస్వామి నంద్యాల వెళ్లాడు. డాక్టరు వేళ్లు ఆడించమన్నాడు, నడిపించి చూశాడు, కాగితం మీద పేరు రాయమన్నాడు. రాసేకొద్దీ అక్షరాలు చీమలంత అయిపోయాయి.

"పార్కిన్సన్స్ అంటారు. పూర్తిగా పోదు. మాత్రలు టైముకు వేసుకుంటే మీ పనులు మీరే చేసుకోవచ్చు. ముందుగానే రావాల్సింది."

ఆ సాయంత్రం టైలరు అంగడి ముందు నిలబడి చీటీ చూపించాడు.

"తిండికి అరగంట ముందు ఏసుకో తాతా. టైము తప్పొద్దు. బాగయింది కదా అని నీ అంతట నువ్వు మానొద్దు."

"ఇయన్నీ నీకెట్ల తెలుసు?"

"తెలుసులే," అని మిషను వైపు తిరిగింది.

పేరడుగుదామనుకున్నాడు. మొదటి రోజు కసురుకున్నది గుర్తొచ్చి నోరు రాలేదు.

రోజు మొత్తంలో అతన్ని పలకరించే మనిషి ఆమె ఒక్కతే.

"మాత్ర ఏసుకున్యావా?"

"ఏసుకున్యా."

అంతే మాట. ఆ ఒక్క మాట కోసమే అతను పొద్దున్నే లేచి తయారయ్యేవాడు.

మూడు నెలలకు, పింఛను కాగితం మీద అతని సంతకం పెద్దగా, తిన్నగా వచ్చింది. ముందు ఆమెకే చెప్పాలనిపించింది. ఆ రోజు అన్న మాటకు ఏమీ అనుకోవద్దని కూడా చెప్పాలి.

అంగడికి తాళం వేసి ఉంది.

"షాహీదా కోసమా అన్నా?" హోటలు నడిపే మదార్ టీ గ్లాసు పెడుతూ అన్నాడు. "నిన్ననే వాళ్లమ్మను తీసుకొని బెంగళూరు పాయ. గార్మెంట్సులో పని దొరికింది. ఇంగ రాదు."

పేరు షాహీదా అని అప్పుడే తెలిసింది.

"ఆ పాపకు ఈ రోగం సంగతి ఎట్ల తెలుసప్పా?"

"వాళ్ల నాయనకు ఇదే రోగమంట. చిన్న వయసులోనే వచ్చినాది. రోగమని ఎవరికీ తెలీదు. పాపను ఎంటబెట్టుకొని నంద్యాల ఆస్పత్రికని బస్సెక్కినాడు. తూలుతాంటే తాగినాడని కండక్టరు శిరివెళ్ల దాటినాక దించేసినాడంట. మిట్టమధ్యాన్నం ఎండ. నడవలేక పడినాడు, తుంటి ఇరిగింది. ఆస్పత్రిలో అప్పుడు తెలిసింది ఏం రోగమని. గీతలు గీసి నడిపియ్యండని డాక్టరు పాపకు నేర్పిచ్చినాడు. ఆయప్ప మాత్రం మల్ల లేచి నడవలా. రెండేండ్లకు పాయ."

గురుస్వామి గ్లాసు కింద పెట్టాడు.

తాగుబోతులని అట్లా ఎంతమందిని దించాడో. చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని దిగిపోయిన మనిషి మొహం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"ఆ కండక్టరు నీకు కనపడితే ఏం చేస్తావని ఒకసారి అడిగినా," అన్నాడు మదార్. "'కనపడినాడు మామూ, చూస్తానే గుర్తుపట్టినా' అనింది. ఎవరో మాత్రం చెప్పలేదు."