సొంత గొంతుకు సరిపడే పాట

రిత్విక్‌కి యాభై దాటాయి, పొట్ట వచ్చింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసమూ వస్తుంది. అయినా ఆదివారం సాయంత్రం మేడ మీద కరావోకే మైకు పట్టుకుంటే ఆయన నోట తేనె కారుతుంది. కాకినాడలో ఆయనుండే అపార్ట్‌మెంటు మగాళ్లందరి నోటా అదే తేనె. గొంతులు దిద్దే మైకులు వచ్చాక ఎంత కష్టమైన పాటైనా ఎవరైనా పాడేస్తున్నారు, అందరి గొంతూ ఒకేలా వినిపిస్తోంది. పాడుతున్నది ఎవరి మొగుడో తెలియక, కింద ఇళ్లలో ఉన్న ఆడవాళ్లు పైకి రావడం మానేశారు. పెళ్లైన కొత్తలో రిత్విక్ గొంతెత్తితే భార్య లాస్య ఎక్కడున్నా వచ్చేసేది.

ఈ ఆదివారం ఆయన మైకులో దిద్దుబాటు ఆపేశాడు.

"ఎందుకండీ ఈ సాహసం, పరువు పోద్ది," అన్నాడు పక్క ఫ్లాటు తనీష్.

"తేలిక పాటేనండి. గొంతు పైకెళ్లే పనే లేదు."

వారమంతా స్నానాలగదిలో పాడి చూసుకుని ఎంచుకున్న పాట అది. కింది శ్రుతిలో, ఊపిరి తీసుకోవడానికి తీరిక ఇస్తూ నడుస్తుంది. అయినా చరణంలో గొంతు జీరబోయింది. ఎవరో నవ్వారు. ఆయన ఆపలేదు.

మెట్ల మీద చప్పుడైంది. చేతికంటిన శనగపిండితోనే లాస్య వచ్చి నిలబడింది.

"ఆ జీర వినగానే మీరేనని తెలిసిపోయింది. బజ్జీలు వదిలేసి వచ్చాను. మళ్లీ మొదట్నించి పాడండి."

రెండోసారి పాట ముగిసేసరికి తనీష్ మెల్లగా రిత్విక్ పక్కకు జరిగాడు.

"నా గొంతుకి తగ్గది కూడా ఒకటి చూసిపెట్టండి," అన్నాడు. "మా ఆవిడ కూడా ఇంట్లోనే ఉంది."