పట్టుకునే చెయ్యి

“అబద్ధాలు చెప్పకండమ్మా!” పిల్లల డాక్టరమ్మ రక్తపరీక్ష రిపోర్టును బల్ల మీద పడేసింది. “తగ్గించమంటే ఇంకో నాలుగు కిలోలు పెరిగింది. గాలి పీల్చి పెరగలేదు కదా?”

“కొలిచే పెడుతున్నాను,” అంది తల్లి. ఆ మొహంలో కోపం లేదు, భయం లేదు. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు కుర్చీ నిండా కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఇలా ఉలుకూ పలుకూ లేని తల్లులంటే ఆవిడకు మహా చిరాకు. అయినా తమాయించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

“రక్తంలో ఒక ప్రొటీన్ ఉంటుందమ్మా. సెక్స్ హార్మోన్లను చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఒళ్ళు పెరిగితే అది తగ్గిపోతుంది. ఇక పట్టుకునే చెయ్యి ఉండదు, హార్మోన్లది ఇష్టారాజ్యం. మీ పాపకు ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఇలాగే వదిలేస్తే మూడో తరగతిలోనే పెద్దమనిషై కూర్చుంటుంది. అర్థమవుతోందా?”

“అవుతోంది.”

“మరి ఇంట్లో ఏం జరుగుతోంది?”

“పిల్లలిద్దరికీ ఒకేలా వడ్డించి డ్యూటీకి వెళ్ళిపోతాను. వచ్చేసరికి రెండు కంచాలూ కడిగి బోర్లించి ఉంటాయి. పెద్దదీ అదే తింటుంది. దానికి ఒంటికి పట్టదు, ఎప్పుడూ పుల్లే.” తల్లి పెదవులు మొదటిసారి కొంచెం విచ్చుకున్నాయి.

“అయితే ఈసారి ఆ పుల్లను కూడా తీసుకురండి. దాని రక్తమూ చూద్దాం.”

“సరే,” అని తల్లి చీటీ పట్టుకుని మందుల కౌంటర్‌కి వెళ్ళింది.

డాక్టరమ్మ పాపను దగ్గరికి లాక్కుంది. “దొంగపిల్లా, నిజం చెప్పు. అక్క కంచంలోది కూడా నువ్వే లాగించేస్తున్నావు కదూ?”

పాప తలుపు వైపు ఒకసారి చూసి, తలూపింది.

“అంత ఆకలా నీకు?”

“ఆకలెయ్యదు. కడుపునొప్పి వస్తుంది.”

“మరెందుకే?”

“అక్క కంచం అలాగే ఉంటే అమ్మ అన్నం మానేస్తుంది.”

“ఓహో, తినడానికి అక్కగారికి అంత బద్ధకమా? రానీ, దాని చెవి మెలేస్తాను!”

“అక్క రాదు ఆంటీ. మొన్న ఎండాకాలంలో చచ్చిపోయింది. అమ్మతో అనకండి, అమ్మకింకా తెలీదు.”