పగలు మాత్రం వద్దు

"పగలు మాత్రం వద్దమ్మా," అన్నాడు పియో తాత తల వంచుకుని.

మిగ్యోంగ్‌కు ఒళ్లు మండింది. తమ ఇంట్లో తాత అద్దెకుండే కింది వాటాలో, గదుల్ని వెచ్చగా ఉంచడానికి నేల కింద వేసిన వేడినీళ్ల గొట్టాలు కారుతున్నాయి. చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజులు వచ్చేశాయి, చలి ముదరకముందే నేల తవ్వి గొట్టాలు మార్చాలి. మేస్త్రిని పిలిచిన ప్రతిసారీ తాత ఇదే మాట.

"మరెప్పుడు? అర్ధరాత్రి తవ్వమంటారా?"

"ఆదివారం..."

"ఆదివారం డ్రిల్లు మోగిస్తే వీధంతా నా మీదకొస్తుంది. మేస్త్రీ రాడు."

ఇంట్లో భర్త గిహోది కూడా అదే పాట. "పెద్దాయన్ని పీడించకు. ఆదివారమైతే నేనూ దగ్గరుంటాగా," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ. ఆఫీసుకెళ్లే మనిషికి ఇంటి బాధలేం తెలుస్తాయని ఆమె విసుక్కుంది.

ఆమె అనుమానం వేరు. తాత ఒంటి మనిషి. ఆయన కిటికీలో మాత్రం కడిగిన సూప్ గిన్నెలు రెండుంటున్నాయి. గుట్టుగా ఎవరికో గది అద్దెకిచ్చుకుంటున్నాడు!

సోమవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మేస్త్రితో దిగింది. లోపలి గది తలుపు మూసి ఉంది. గుమ్మంలో తాత రబ్బరు చెప్పుల పక్కన దేనిమీదో న్యూస్‌పేపర్ కప్పి ఉంది.

"లోపలెవరు?"

"అడక్కండమ్మా."

"దొంగచాటుగా మనిషిని పెట్టుకుంటారా? ఈ వయసులో సిగ్గులేదూ?"

పరాయివాడి ముందు ఆ మాట పడ్డందుకు తాత ముఖం కందిపోయింది.

"నన్ను ఖాళీ చేయమంటే చేస్తానమ్మా. ఆయన్ని మాత్రం బయటికి పిలవకండి. ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పుకోలేక పొద్దంతా ఇక్కడ కూర్చుంటాడు. ఇప్పుడు బయటికొస్తే ఇక తలెత్తుకోలేడు."

మిగ్యోంగ్ నాలిక కరుచుకుంది. ఎంత మాటంది! కన్నవాళ్ల వయసు మనిషిని, ఒకరి పరువు కాపాడుతున్నవాణ్ణి. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. మేస్త్రిని సైగతో పంపేసింది.

"తప్పయిపోయింది తాతా. మీరు ఎక్కడికీ వెళ్లొద్దు. ఆయన్నీ ఉండమనండి, నేను చూడను."

వెళ్తూ ఆగింది. అతిథి బూట్లు బయటి వైపుకు తిప్పిపెట్టడం మర్యాద. పేపరు కింద ఉన్నవి ఆ లోపలి మనిషి బూట్లే అయ్యుంటాయి, కనీసం అదైనా చేద్దామని వంగింది.

"అమ్మా, వద్దు!" అన్నాడు తాత.

అప్పటికే పేపరు తీసేసింది. నల్ల బూట్లు తళతళలాడుతున్నాయి.

పొద్దున వాటికి పాలిష్ పెట్టింది తనే.