గోడవార బీరువా

కొత్తవాళ్లు అడ్వాన్సు కడితేగాని మా అడ్వాన్సు తిరిగివ్వనని ఇంటాయన మొండికేశాడు. వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా దరఖాస్తు ఫీజంటూ గుంజి, ఏదో వంక పెట్టి పంపేసేవాడు. చివరికి ఒకామెకి సరేనన్నాడు.

ఆమె చంటిపిల్లను చంకనేసుకుని ఇల్లు చూడ్డానికొచ్చింది. మావాడి దగ్గు వినబడకుండా మా ఆయన వాణ్ణి వీధిలోకి తీసుకుపోయాడు. గోడకి పట్టిన చెమ్మ కనబడకుండా బీరువా ఎలాగూ ఉంది. అయినా నేను కాలుగాలిన పిల్లిలా ఆమె వెనకే తిరిగాను.

"నచ్చిందక్కా. సాయంత్రమే అడ్వాన్సు కట్టేస్తాం," అంది.

హమ్మయ్య అనుకున్నాను.

"మీ బీరువా తీశాక పాప ఉయ్యాల అక్కడ వేసుకుంటాను."

నేను బీరువా దగ్గరికి నడిచాను.

"అది మాది కాదమ్మా. మేమొచ్చేసరికే ఆ గోడకి ఆనించి ఉంది. అప్పటికి మావాడికి దగ్గు లేదు," అన్నాను. "ఇటు రా, ఓ చెయ్యి వెయ్యి. జరుపుదాం."